ఉన్నట్టుండి బండి బలం తగ్గితే
పాల రూటు డీజిల్ బండ్లలో లోపం కనుగొనే పద్ధతి

పాల సంఘానికి గేదె, ఆవు ఎంత ముఖ్యమో పాలు మోసే బండి కూడా అంత ముఖ్యం. సభ్యుడు తెల్లవారకముందే లేచి పితికిన పాలు, కార్యదర్శి వెన్న శాతం చూసి పోయించుకొన్న పాలు, శీతలీకరణ కేంద్రం చేరేవరకు ఆ బండి మీదనే ఆధారపడి ఉంటాయి. పొదుగు నుంచి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు ఇంచుమించు అరగంటకొకసారి రెట్టింపవుతాయి. పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చినప్పుడే వాటి పెరుగుదల అదుపులోకి వస్తుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే అనంతపురం సీమలో బండి దారిలో ఒక గంట నిలిచిందంటే, కేంద్రంలో కాచి చూసినప్పుడు పాలు విరిగే ప్రమాదం ఉన్నది. ఒకసారి క్యానులో కలిసిన తరువాత ఎవరి పాలు మంచివి, ఎవరివి చెడినవి అని విడదీయడం సాధ్యం కాదు. నష్టం అందరిదీ అవుతుంది.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్ట భూముల్లో, వేరుశనగ చేతికి రాని ఏడు కూడా ఇల్లు నడిపేది పాల బిల్లే. గాన బండి సంగతి డ్రైవరుకు, యజమానికి మాత్రమే సంబంధించినదని సభ్యులు అనుకొనరాదు.

పూర్తిగా ఆగిపోయిన బండి కంటె, అప్పుడప్పుడు బలం తగ్గి మళ్ళీ బాగుపడే బండి ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది. ఎత్తు మీద లాగదు, పికప్ ఉండదు, యాక్సిలేటరు తొక్కినా వేగం పెరగదు. షెడ్డుకు తీసుకొనిపోయేసరికి ఏమీ లేనట్లు నడుస్తుంది. మెకానిక్ చూసిన లోపం లేదు గనుక, అనుమానం మీద ఈ రోజు ఫిల్టరు, వచ్చే వారం ఇంజెక్టర్లు, ఆ పై నెల పంపు మారుస్తారు. డబ్బు పోతుంది, లోపం ఉండిపోతుంది.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ముఖ్యంగా ఒక్కటే. వచ్చి పోయే లోపానికి కూడా ఒక వేళ, ఒక చోటు ఉంటాయి. వాటిని రాసి పెట్టుకొంటే లోపం ఏ దారిలో ఉన్నదో తెలుస్తుంది. సామాను మార్చడం ఆ తరువాతి పని. పొదుగువాపు విషయంలో పాడి రైతు చేసేది ఇదే. నాలుగు చన్నుల పాలు కలిపి చూస్తే ఏమీ తెలియదు. ఒక్కొక్క చన్ను నుంచి తొలి ధారలు నల్లని గుడ్డ మీద పితికి చూస్తే ఏ చన్నులో తెల్లని ముక్కలు వస్తున్నాయో తెలిసిపోతుంది. బండిని కూడా అట్లే ఒక్కొక్క భాగంగా విడదీసి చూడవలెను.

డీజిల్ ఇంజనుకు కావలసినవి

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా నొక్కినప్పుడు ఆ గాలి బాగా వేడెక్కుతుంది. అందులోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. కాబట్టి ఈ ఇంజనుకు కావలసినవి మూడు. ఒకటి, తెగకుండా వచ్చే శుభ్రమైన డీజిల్. రెండు, చాలినంత శుభ్రమైన గాలి. మూడు, ఆ గాలిని నొక్కి వేడెక్కించే గట్టి సిలిండర్లు.

వీటిలో మూడవది అప్పుడప్పుడు వచ్చి పోయే లోపం కాదు. ఉదయం అరిగిన రింగు సాయంత్రానికి బాగుపడదు. అందువల్ల బలం వస్తూ పోతూ ఉన్నదంటే వెంటనే ఇంజను విప్పించవలసిన పని లేదు. ముందుగా డీజిల్ దారి, గాలి దారి చూడవలెను. కొత్త బండ్లలో వీటికి తోడు తీగలను, కంప్యూటరును కూడా చూడవలెను.

మన రూట్లలో రెండు తరాల బండ్లు తిరుగుతున్నాయి. 1986లో వచ్చిన టాటా 407 వంటి వాటి పాత తరంలో డీజిల్ పంపు పూర్తిగా యాంత్రికంగా పనిచేసేది. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఇప్పటి బండ్లలో ఎంత డీజిల్ చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పాత బండిలో లోపం ఉంటే బలం మెల్లగా సన్నగిల్లుతుంది. కొత్త బండిలో మాత్రం ఏదైనా కొలత తప్పుగా వస్తే, ఇంజను చెడిపోకుండా కంప్యూటరే బలాన్ని ఒక్కసారిగా తగ్గించివేస్తుంది.

డ్రైవరు రాసుకోవలసినవి

బండిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచవలెను. బలం తగ్గిన ప్రతిసారి ఈ క్రింది సంగతులు రాయవలెను.

1. బయలుదేరి ఎన్ని కిలోమీటర్లు అయింది, ఏ ఊరి దగ్గర?
2. క్యాన్లు నిండుగా ఉన్నవా, ఖాళీవా?
3. ఎత్తు దారా, చదునా?
4. ట్యాంకులో డీజిల్ ఎంత ఉన్నది?
5. పొగ వచ్చిందా? వస్తే ఏ రంగు?
6. మీటరు బోర్డు మీద ఏదైనా దీపం వెలిగిందా?
7. తిరిగి బలం ఎట్లు వచ్చింది?

బరువు విషయంలో కంటి అంచనా చాలదు. 40 లీటర్ల క్యానులో పాలే సుమారు 41 కిలోలు ఉంటాయి. క్యాను బరువు కలిపితే దాదాపు 50 కిలోలు. పాతిక క్యాన్లంటే టన్నుంపావు. ఆర్.సి. పుస్తకంలోని బరువుతో దీనిని సరిపోల్చుకొనవలెను. బండి మోయగలిగిన దానికి మించి వేసి, బలం లేదనడం న్యాయం కాదు.

ఎత్తు విషయంలో కూడా మన నేల మోసం చేస్తుంది. పెన్నానది హిందూపురం వైపు నుంచి ఉత్తరంగా పారి, పామిడి దాటాక తూర్పుకు తిరిగి తాడిపత్రి వైపు పోతుంది. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంటే, అనంతపురం పట్టణం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే దక్షిణంగా పోయే బండి, కంటికి చదునుగా కనిపించే రోడ్డు మీద కూడా చాలాచోట్ల నెమ్మదిగా ఎత్తు ఎక్కుతూనే ఉంటుంది. పోయేటప్పుడు బలం తగ్గి, వచ్చేటప్పుడు బాగుండడానికి ఇది ఒక కారణం కావచ్చును. కాబట్టి లోపం ఉన్నదని తేల్చుకొనే ముందు ఒకే దారిని ఒకే బరువుతో రెండుసార్లు పోల్చి చూడవలెను.

పై ప్రశ్నల్లో ఏడవది అన్నిటికంటె విలువైనది. పది నిమిషాలు ఆగితే బలం వచ్చిందా? ట్యాంకు మూత తీస్తే వచ్చిందా? తాళం తిప్పి ఆపి, మళ్ళీ స్టార్టు చేస్తే వచ్చిందా? ఈ మూడింటి జవాబులు మూడు వేర్వేరు లోపాల వైపు చూపిస్తాయి.

డీజిల్ దారిలో లోపాలు

ట్యాంకులో మట్టి: బండి పది ఇరవై కిలోమీటర్లు బాగా నడిచి, తరువాత బలం తగ్గి, కాసేపు ఆపితే మళ్ళీ బాగుపడుతుంటే ముందుగా ట్యాంకునే అనుమానించవలెను. అడుగున చేరిన మట్టి, తుప్పు, గుడ్డ పీలికలు డీజిల్ లాగే గొట్టం మూతికి మెల్లగా అంటుకొంటాయి. ఇంజను ఆపితే లాగడం ఆగి, ఆ చెత్త కిందికి జారిపోతుంది. దారి తెరుచుకొంటుంది. ఫిల్టరు ఎన్నిసార్లు మార్చినా ఈ లోపం పోదు. ట్యాంకు దించి కడిగించవలెను.

ట్యాంకు మూత: డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ చోటును నింపడానికి గాలి లోపలికి పోవాలి. అందుకోసం మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. కొన్ని బండ్లలో ట్యాంకు పైన వేరే గొట్టం ఉంటుంది. మన దుమ్ము డీజిల్ తడితో కలిసి ఆ రంధ్రాన్ని పూడ్చివేస్తుంది. అప్పుడు ట్యాంకులో పీడనం తగ్గి, డీజిల్ రావడం కష్టమవుతుంది. బలం తగ్గిన చోటనే బండి ఆపి మూత తీసి చూడవలెను. గాలి లోపలికి పీల్చుకొన్న చప్పుడు వచ్చి, తరువాత బండి బాగా లాగితే లోపం దొరికినట్లే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫిల్టరు: ఫిల్టరు పూడుకొంటే ఊరిలో బాగానే ఉండి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బలం తగ్గుతుంది. ఎక్కువ డీజిల్ కావలసిన సమయంలో చాలినంత రాకపోవడమే కారణం. ఫిల్టరు మార్చిన తేదీని, కిలోమీటర్లను దాని మీదనే రాసి ఉంచవలెను.

నీళ్ళు: డీజిల్ కంటె నీరు బరువైనది గనుక అడుగున చేరుతుంది. ఫిల్టరు కింద నీరు వదిలే మర ఉంటుంది. దానిని ఇంజను ఆపి, గాజు సీసాలోకి వదిలి చూడవలెను. సీసాలో రెండు పొరలు కనిపిస్తే అడుగునున్నది నీరు. డ్రమ్ముల్లో, డబ్బాల్లో నిలవ ఉంచిన డీజిల్‌ను బండిలో పోసే అలవాటు ఉన్న చోట ఈ చిక్కు ఎక్కువ. తప్పనిసరి అయినప్పుడు డ్రమ్మును కదపకుండా, పైనున్న డీజిల్‌ను మాత్రమే వడగట్టి పోయవలెను.

గాలి పీల్చడం: ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న గొట్టంలో చాలా బండ్లలో డీజిల్‌ను పంపు లాగుతుంది. అక్కడ గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా డీజిల్ బయటికి కారకుండా గాలి లోపలికి పోవచ్చును. కాబట్టి కింద తడి లేదు గనుక గొట్టం మంచిదే అనుకొనరాదు. ఉదయం స్టార్టు కావడానికి ఎక్కువసేపు పట్టడం, ట్యాంకు తగ్గినప్పుడు తడబాటు పెరగడం దీని గుర్తులు. మెకానిక్ ఆ దారిలో కొద్దిసేపు లోపలిది కనిపించే గొట్టం అమర్చితే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి.

గాలి దారిలో లోపాలు

కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో వేదవతి ఇసుక నైరుతి గాలులకు లేచి పొలాల మీద పడడం అందరికీ తెలిసినదే. మిగిలిన చోట్ల కూడా మట్టి రోడ్ల దుమ్ము, వేరుశనగ నూర్పిళ్ళప్పుడు పొట్టు ఎక్కువ. మైదానపు జిల్లాల లెక్కతో ఎయిర్ ఫిల్టరు మారిస్తే ఇక్కడ చాలదు. బండితో వచ్చిన పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు చెప్పిన గడువునే పాటించవలెను.

ఫిల్టరును రాతికి కొట్టరాదు. గాలి పంపుతో బయటి నుంచి లోపలికి ఊదరాదు. అట్లు ఊదితే దుమ్ము కాగితంలో ఇంకా లోతుకు పోతుంది. ఫిల్టరు తీసివేసి నడిపితే బండి బాగా లాగుతున్నదని కొందరంటారు. ఆ ఇసుక టర్బోను, రింగులను తినివేస్తుంది. వంద రూపాయల ఆదాకు వేల రూపాయల నష్టం.

ఫిల్టరు నుంచి టర్బోకు పోయే రబ్బరు గొట్టం వేడికి మెత్తబడి ఉంటే, ఇంజను వేగం పెరిగినప్పుడు ఆ పీల్పుకు గొట్టం లోపలికి నొక్కుకొనిపోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు చూస్తే గుండ్రంగా బాగానే కనిపిస్తుంది. చేత్తో నొక్కి చూసి మెత్తగా ఉంటే మార్చవలెను.

టర్బో నుంచి ఇంజనుకు పోయే గొట్టం చిట్లితే, బరువు మీద తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు, పాత బండిలో నల్లని పొగ, వాటితో పాటు బలం తగ్గడం ఉంటాయి. క్లిప్పులు బిగించి, గొట్టం చుట్టూ నూనె మరకలు ఉన్నవేమో చూడవలెను. టర్బోను అదుపు చేసే సన్నని గొట్టాలను ఎలుకలు కొరకడం కూడా ఉన్నది. పశువుల దాణా బస్తాల పక్కన రాత్రిళ్ళు నిలిపే బండ్లలో దీనిని తప్పక పరిశీలించవలెను.

పొగ రంగు కూడా లోపాన్ని చెబుతుంది. నల్లని పొగ వస్తే డీజిల్‌కు తగినంత గాలి లేదు. తెల్లని పొగ వస్తే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా నీరు కలిసింది. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతున్నది. పొగ ఏమీ లేకుండా బలం మాత్రమే తగ్గితే డీజిల్ చాలడం లేదు, లేదా కంప్యూటరు తగ్గిస్తున్నది. బి.ఎస్.-6 బండిలో మసిని పట్టే జల్లెడ ఉన్నందున నల్లని పొగ బయటికి కనిపించకపోవచ్చును.

కొత్త బండ్లలో ప్రత్యేకంగా చూడవలసినవి

బలం ఒక్కసారిగా పడిపోయి, బండిని పక్కకు ఆపి తాళం తిప్పి మళ్ళీ స్టార్టు చేయగానే పూర్తిగా తిరిగివస్తే, తీగలను, సెన్సార్లను ముందుగా చూడవలెను. గతుకుల రోడ్డు మీదనే ఇది జరుగుతుంటే ఎక్కడో కనెక్షను వదులై ఉండవచ్చును. ఇంజను బాగా వేడెక్కిన తరువాతనే జరుగుతుంటే వేడికి మొరాయించే సెన్సారు కావచ్చును. బ్యాటరీ వైర్లు, బాడీకి బిగించిన ఎర్తు వైరు శుభ్రంగా, గట్టిగా ఉన్నవో లేవో మొదట చూడవలెను.

కంప్యూటరు తాను గమనించిన లోపాన్ని అంకెల గుర్తుగా దాచిపెట్టుకొంటుంది. స్కానరు ఉన్న మెకానిక్ దానిని చదవగలడు. అంతకుముందే బ్యాటరీ వైరు తీసివేస్తే కొన్ని బండ్లలో ఆ గుర్తు చెరిగిపోతుంది. గాన బ్యాటరీ జోలికి పోకుండా ముందు చదివించవలెను. గుర్తు ఒక సెన్సారు పేరు చెప్పినంత మాత్రాన ఆ సెన్సారే చెడిందని కాదు. దాని తీగ కావచ్చును, లేదా అది కొలిచే గాలి, డీజిలే నిజంగా తగ్గి ఉండవచ్చును.

మసి జల్లెడ విషయం పాల రూట్లకు ముఖ్యం. జల్లెడలో చేరిన మసిని బండి అప్పుడప్పుడు కాల్చివేసుకొంటుంది. అందుకు పొగ గొట్టం బాగా వేడెక్కాలి. రెండు కిలోమీటర్లకొక ఊరు, ఊరికొక ఆగుడుగా తిరిగే పాల బండికి ఆ వేడి రాదు. మసి పేరుకొని దీపం వెలుగుతుంది. దానిని పట్టించుకోకపోతే బలం తగ్గుతుంది. దీపం వెలిగిన రోజున క్యాన్లు దించిన తరువాత, పుస్తకంలో చెప్పిన ప్రకారం పెద్ద రోడ్డు మీద ఆగకుండా ఒకే వేగంతో నడిపించవలెను. ఆ సమయంలో పొగ గొట్టం మండిపోయేంత వేడిగా ఉంటుంది. వేరుశనగ కట్టె వాముల దగ్గర, ఎండు గడ్డి మీద బండి నిలుపరాదు. యాడ్‌బ్లూ ట్యాంకు ఉన్న బండ్లలో అది అయిపోవస్తున్నా బలం తగ్గవచ్చును.

వేడి, బ్రేకు, క్లచ్చి

రేడియేటరు రెక్కల మధ్య దుమ్ము, పొట్టు, పురుగులు చేరితే మధ్యాహ్నపు ఎండలో ఇంజను వేడెక్కి బలం తగ్గుతుంది. ఉదయం రూటులో బాగుండి, సాయంత్రం రూటులోనే చిక్కు వస్తుంటే దీనిని చూడవలెను. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తీయరాదు.

ఇంజను తప్పు కానివి కూడా ఉన్నాయి. బ్రేకు పట్టుకొని ఉంటే బండి బలం లేనట్లే నడుస్తుంది. కొంతదూరం పోయి ఆగిన తరువాత నాలుగు చక్రాల వద్దకు చేతిని తగలకుండా దగ్గరగా చూపితే, పట్టుకొన్న చక్రం నుంచి ఎక్కువ సెగ వస్తుంది. ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే, మాడిన వాసన వస్తే, అది క్లచ్చి జారడం. టైర్లలో గాలి తక్కువైనా ఇదే బాధ.

పరీక్షల వరుస

ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తరువాత అన్నదే సూత్రం.

1. బరువు, టైర్ల గాలి, చక్రాల వేడి చూడవలెను.
2. ట్యాంకు మూత పరీక్ష చేయవలెను.
3. ఫిల్టరు కింది నీరు వదిలి చూడవలెను.
4. ఎయిర్ ఫిల్టరు, గొట్టాలు, క్లిప్పులు పరిశీలించవలెను.
5. దీపం వెలిగితే స్కానరుతో చదివించవలెను.
6. డీజిల్ ఫిల్టరు మార్చి, అదే దారిలో అదే బరువుతో నడపవలెను.
7. అప్పటికీ పోకపోతే ట్యాంకు కడిగించి, లాగుడు గొట్టం పరీక్షించవలెను.
8. పంపు, ఇంజెక్టర్లు, టర్బో చివరికి మాత్రమే. అవి కూడా పరీక్షలో చెడినట్లు తేలితేనే.

ఒక రోజు ఒక్క మార్పే చేయవలెను. మూడు సామాన్లు ఒకేసారి మారిస్తే లోపం పోయినా అది దేనివల్ల పోయిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు కథ మొదటికి వస్తుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పాత ఇంజన్లలో చెడిన ఇంజెక్టరును కనుగొనడానికి ఇంజను నడుస్తుండగా పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసే అలవాటు ఉన్నది. కొత్త కామన్ రైలు ఇంజన్లలో ఈ పని ఎన్నడూ చేయరాదు. వాటి పైపుల్లో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఉంటుంది. వెంట్రుకవాసి సందులోంచి చిమ్మినా చర్మాన్ని చీల్చుకొని ఒంటిలోకి దిగుతుంది. అట్టి గాయం పైకి చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యం చేస్తే చెయ్యి పోయే ప్రమాదం ఉన్నది.

సంఘం చేయవలసిన పని

లోపం దొరికేవరకు పాలు ఆగవు గదా. అందుచేత బలం తగ్గుతున్న బండి ఉన్న రూటుకు బదులు బండి ఒకటి ముందే మాట్లాడి ఉంచవలెను. దారిలో బండి మొరాయిస్తే డ్రైవరు మొదటి ఫోను కేంద్రానికి, రెండవది బదులు బండికి, మూడవది మెకానిక్‌కు చేయవలెను. క్యాన్లను నీడకు చేర్చి తడి గోనెలు కప్పవలెను. పాలలో మంచుగడ్డ వేయడం, సోడా వంటివి కలపడం చేయరాదు. అది కల్తీ అవుతుంది. ఆ రోజు నష్టం తప్పించుకోబోయి సంఘం పేరు పోగొట్టుకొన్నట్లవుతుంది.

బండి అద్దెదయినా, సంఘానిదయినా, డ్రైవరు నోటు పుస్తకాన్ని కార్యదర్శి వారానికొకసారి చూడవలెను. ఆలస్యమైన రోజులు, పాలు విరిగిన రోజులు, బండి బలం తగ్గిన రోజులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేలుతాయి. పాలు విరిగినప్పుడు పోసినవారిని అనుమానించే ముందు ఆ పుస్తకం ఒకసారి తిరగవేయడం ధర్మం. ఆ రోజు తప్పు గిన్నెలో కాక ట్యాంకు మూతలో ఉండి ఉండవచ్చును.

లాక్టోమీటరు ముంచకుండా పాలలో నీరున్నదని ఏ కార్యదర్శీ చెప్పడు. బండి విషయంలో కూడా పరీక్ష లేకుండా సామాను మార్చవద్దు. రాయండి, పోల్చండి, ఒక్కొక్కటిగా చూడండి. బండి వేళకు చేరితే పాలు నిలుస్తాయి. పాలు నిలిస్తే బిల్లు నిలుస్తుంది.